లోపాన్ని వెదకడమూ విద్యయే

మన ప్రయోగశాలల్లో ఒక ఆచారం చాలకాలంగా పాతుకొనిపోయి ఉన్నది. విద్యార్థి చేతిలో ఏ పరికరమైనా మొండికేసినదంటే, దానికి ‘పనిచేయదు’ అని ఒక చీటీ అంటించి, అలమారాలో పెట్టి తాళం వేస్తారు. అది ఎందుకు పనిచేయలేదో అడిగేవారు లేరు. అడిగినా చెప్పేవారు లేరు. ఆనాటి ప్రయోగాన్ని విద్యార్థి ప్రక్కవాని రికార్డు చూచి పూర్తిచేసికొంటాడు. మార్కులకు లోటు రాదు. ఈ ఆచారం వల్ల కళాశాలకు కలిగే ధననష్టం కంటె విద్యార్థికి కలిగే విద్యానష్టమే ఎక్కువని మా అభిప్రాయం. ఈ మాటను గాలిలో చెప్పి ఊరుకోవడం మాకు ఇష్టం లేదు. కావున ఒక చిన్న పరికరాన్నీ, దానితో తరచుగా వచ్చే ఒక చిక్కునూ తీసికొని, విషయాన్ని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము.

ఆ పరికరం పేరు బస్ పైరేట్. ఈ పేరు విని మొదటి సంవత్సరం విద్యార్థులు ఆర్.టి.సి. బస్సును తలచుకొని నవ్వుకోవడం కద్దు. ఇక్కడ బస్ అంటే చిప్పుల మధ్య సమాచారాన్ని మోసే తీగల వరుస. పైరేట్ అంటే ఓడదొంగ. ఆ తీగల మీద సాగే సంభాషణలోకి చొరబడి వినగలదు, తానూ మాట్లాడగలదు. ఇయాన్ లెస్నెట్ అనే ఆయన దీనిని రూపొందించి 2008లో ‘హ్యాక్ ఎ డే’ ద్వారా లోకానికి వెల్లడి చేశారు. దీని పటాలు, ప్రోగ్రాములు దాచిపెట్టినవి కావు. ఎవరైనా చూచి తయారు చేసికొనవచ్చు. మన వద్ద ఉన్నది 3వ రూపం. అగ్గిపెట్టె కంటె కొంచెం పెద్దదైన పలక మీద ముఖ్యంగా రెండు చిప్పులు ఉంటాయి. ఒకటి పి.ఐ.సి. జాతి మైక్రోకంట్రోలరు. రెండవది ఎఫ్.టి.232, కంప్యూటరు యు.ఎస్.బి. భాషను సీరియల్ భాషలోకి, సీరియల్ భాషను యు.ఎస్.బి. లోకి మార్చే దుబాసీ. కంప్యూటరులో ఒక టెర్మినల్ ప్రోగ్రాం తెరచి, దీనిని తగిలించి, ఎంటర్ నొక్కితే ఒక పలకరింపు గుర్తు తెర మీదికి రావాలి. అది రాకపోవడమే మనం చెప్పుకొనే చిక్కు.

సీరియల్ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. ఒక అక్షరంలోని బిట్లను ఒకే తీగ మీద ఒకదాని వెంట ఒకటిగా పంపడం టెలిగ్రాఫు యుగం నుండి ఉన్నది. వేగాన్ని కొలిచే ‘బాడ్’ అన్న మాట, 1874లో ఐదు బిట్ల టెలిగ్రాఫు సంకేతానికి పేటెంటు పొందిన ఫ్రెంచి ఇంజనీరు ఎమీల్ బాదో పేరు మీద వచ్చింది. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది గాని, దాని అలవాట్లు మన ప్రయోగశాల బల్ల మీద ఇంకా బ్రతికే ఉన్నాయి. తీగ ఖాళీగా ఉన్నప్పుడు పై వోల్టేజిలో ఉంటుంది. అక్షరం మొదలవుతున్నదని చెప్పడానికి ఒక బిట్ కాలం క్రిందికి దిగుతుంది. ఎనిమిది బిట్లు వరుసగా సాగుతాయి. చివర మళ్ళీ ఒక బిట్ కాలం పైకి లేచి విశ్రమిస్తుంది. ఆ చివరి విశ్రాంతి నాటి టెలిప్రింటరు యంత్రభాగాలు నిలద్రొక్కుకోవడానికి ఇచ్చిన వ్యవధి. ఈ విధంగా ఒక అక్షరానికి పది బిట్లు అవుతాయి. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక్కొక్క బిట్‌కు ఇంచుమించు 104 మైక్రోసెకండ్లు. 115200 వేగంలో 8.7 మైక్రోసెకండ్లు మాత్రమే. ఇద్దరి నడుమ గడియారపు తీగ ఏదీ ఉండదు. పంపేవానికీ అందుకొనేవానికీ ఈ కొలత ముందుగానే తెలిసి ఉండాలి. పది బిట్లు ముగిసేలోగా ఇద్దరి లెక్కల మధ్య తేడా సగం బిట్‌కు చేరితే మాట చెడిపోతుంది. అంటే ఇద్దరిదీ కలిపి నూటికి ఐదు పాళ్ళకు మించిన తేడాను ఈ పద్ధతి సహించదు.

ఇంతవరకు పాఠ్యపుస్తకంలో ఉన్నదే. పాఠ్యపుస్తకంలో లేనిది అలమారాలో ఉన్నది. గత విద్యాసంవత్సరంలో మేము ఆ అలమారా తెరిపించి, చీటీలు అంటించిన మూడు బస్ పైరేట్లను బయటకు తీయించాము. మొదటిదానికి కంప్యూటరు నుండి అసలు పలకరింపే లేదు. పలక మీద దీపం మాత్రం చక్కగా వెలుగుతున్నది. దీపం వెలిగితే పరికరానికి కరెంటు అందుతున్నదనే అర్థం. మాట అందుతున్నదని అర్థం కాదు. దానితో పెట్టిన కేబులు సెల్‌ఫోను ఛార్జింగు కోసం చేసినది. అందులో విద్యుత్తు మోసే రెండు తీగలే ఉన్నాయి, సమాచారం మోసే రెండు తీగలు లేవు. కేబులు మార్చగానే పరికరం మాట్లాడింది. రెండవది కంప్యూటరుతో బాగానే మాట్లాడుతుంది గాని, ఎదుట తగిలించిన చిప్పుతో మాట్లాడదు. మూడవది నిజంగానే కాలిపోయింది. ఎవరో 12 వోల్టుల తీగను దాని మొనకు ఆనించి ఉంటారు. చిప్పు మీద నల్లని మచ్చ ఉన్నది. మూడింటికీ అంటించిన చీటీ మాత్రం ఒక్కటే.

ఆ రెండవ పరికరం విషయం కొంచెం వివరంగా చెప్పుకోదగినది. సీరియల్ సంభాషణకు దానిని సిద్ధం చేసేటప్పుడు అది వరుసగా కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. వేగం ఎంత? బిట్లు ఎన్ని, పారిటీ ఉన్నదా? విశ్రాంతి బిట్లు ఎన్ని? ఖాళీగా ఉన్నప్పుడు తీగ పైన ఉండాలా, క్రింద ఉండాలా? చివరిగా, బయటికి పంపే మొన ఏ తీరులో పనిచేయాలి? ఏ ప్రశ్ననూ చదువక ఎంటర్ నొక్కుతూ పోతే, ఆ పరికరం ప్రతిదానికీ మొదటి సమాధానాన్నే తీసికొంటుంది. అప్పుడు వేగం 300 బాడ్ అవుతుంది. పంపే మొన ‘ఓపెన్ డ్రెయిన్’ తీరులో ఉంటుంది. అంటే తీగను క్రిందికి లాగగలదు గాని పైకి ఎత్తలేదు. పైకి ఎత్తడానికి ఒక పుల్-అప్ రెసిస్టరు విడిగా ఉండాలి. అది లేనప్పుడు పరికరం ఎంత అరచినా ఎదుటివానికి వినిపించదు. ఎదుట ఉన్న చిప్పు 9600 వేగంలో, 3.3 వోల్టుల సంకేతం కోసం వేచి ఉంటే, ఈ ప్రక్క నుండి 300 వేగంలో ఎత్తలేని గొంతు. ఇందులో చెడిపోయినదేమున్నది? ఐదు ప్రశ్నలు అడిగితే ఐదింటికీ తల ఊపారు, అంతే.

మరొక తికమకను కూడ ఇక్కడే చెప్పాలి. ఈ పరికరంతో పనిచేసేటప్పుడు వేగాలు రెండు ఉంటాయి. కంప్యూటరుకూ బస్ పైరేటుకూ నడుమ సాగే సంభాషణ వేగం ఒకటి. అది మామూలుగా 115200. బస్ పైరేటుకూ ఎదుటి చిప్పుకూ నడుమ వేగం వేరొకటి; అది చిప్పును బట్టి ఉంటుంది. ఎదుటి చిప్పు వేగం 9600 అని తెలియగానే టెర్మినల్ ప్రోగ్రాంలో 9600 అని మార్చివేసి, ఉన్న పలకరింపు కూడ పోగొట్టుకొనేవారిని తరచుగా చూస్తున్నాము. రెండు సంభాషణలు వేరు వేరని ఒక్క బొమ్మ వేసి చూపితే తీరిపోయే చిక్కు ఇది. ఆ బొమ్మ మన మాన్యువల్‌లో లేదు.

లోపాన్ని వెదకడానికి మార్గమేమిటి? మన ఊళ్ళలో పాత రేడియోలు బాగుచేసిన ఉస్తాదుల చేతిపని చూచినవారికి ఇది చెప్పనక్కరలేదు. మూగబోయిన రేడియోను తెచ్చి ముందుంచితే వారు మొదటి నుండి చివరి వరకు భాగాలన్నీ విప్పరు. నడుమ ఉన్న వాల్యూము కంట్రోలు మొనను స్క్రూడ్రైవరుతో తాకుతారు. స్పీకరులో ‘గుర్ర్’మని మ్రోగితే వెనుక సగం బాగున్నట్లు, లోపం ముందు సగంలో ఉన్నట్లు. మ్రోగకపోతే దానికి విపర్యయం. ఒక్క తాకుతో సగం రేడియో అనుమానం నుండి తప్పుకొంటుంది. ఆ ఉస్తాదులు డిగ్రీలు చదివినవారు కారు. షాగిర్దుగా కూర్చొని, చూచి నేర్చుకొన్నారు. మన విద్యార్థి మూడేండ్లు ఎలక్ట్రానిక్స్ చదివి ఆ ఒక్క తాకు నేర్వకుండ వెళ్ళిపోవడం విచారకరం.

బస్ పైరేటుకు కూడ అటువంటి తాకు ఉన్నది. ఎదుటి చిప్పును పూర్తిగా విడదీసి, పరికరం పంపే మొననూ, అందుకొనే మొననూ చిన్న తీగతో కలిపివేయాలి. తరువాత పారదర్శక వంతెన తీరులో పెట్టి ఒక అక్షరం టైపు చేయాలి. పంపినది మళ్ళీ తెర మీదికి వస్తే కంప్యూటరు, కేబులు, డ్రైవరు, పరికరం, ప్రోగ్రాం అన్నీ నిర్దోషులు. లోపం ఎదుటి ప్రక్కన ఉన్నది. రాకపోతే ఎదుటి చిప్పును నిందించి ప్రయోజనం లేదు. అయితే టెర్మినల్ ప్రోగ్రాంలో ‘లోకల్ ఎకో’ ముందుగా ఆపివేయాలి. లేకుంటే ప్రోగ్రామే మన అక్షరాన్ని మనకు తిరిగి చూపి మోసగిస్తుంది. ఆ వంతెన తీరు నుండి మామూలు మీటలతో బయటికి రాలేము, పరికరాన్ని ఊడదీసి మళ్ళీ తగిలించాలి. ఇది తెలియక, వంతెనలో చిక్కిన పరికరాన్ని చెడిపోయినదని చీటీ అంటించినవారూ ఉండవచ్చు.

లోపం ఎదుటి ప్రక్కన ఉన్నదని తేలిన తరువాత చూడవలసినవి కొద్దిగానే ఉంటాయి. ఒకని నోరు మరొకని చెవికి కలపాలి. నోటికి నోరు కలిపితే ఇద్దరూ మాట్లాడతారు, వినేవాడు ఉండడు. తీగల రంగులను నమ్మరాదు, అవి ఒక్కొక్క తయారీలో ఒక్కొక్క విధంగా ఉంటాయి. రెండు పలకల గ్రౌండ్‌లను తప్పక కలపాలి. ఈ చివరి మాట ఎంత చిన్నదో అంత తరచుగా మరచిపోయేది.

పూర్తి నిశ్శబ్దం ఒక లక్షణమైతే, తెర మీద పిచ్చి గీతలు రావడం మరొక లక్షణం. పిచ్చి గీతలు చూచి విద్యార్థి బెదరిపోతాడు గాని, నిజానికి అవి శుభసూచకం. తీగ కలిసింది, గ్రౌండ్ కలిసింది, వేగమో తీగ విశ్రమించే తీరో మాత్రమే కుదరలేదని అవి చెబుతున్నాయి. వాక్యాలు మెట్లు మెట్లుగా కుడికి జారిపోతుంటే, కొత్త వరుసకు దిగమని ఆజ్ఞ వస్తున్నది గాని మొదటికి రమ్మని రావడం లేదు. తెలుగు టైపు మిషను మీద వ్రేళ్ళు ఆడించినవారికి ఆ రెండూ వేరు పనులని ఎవరూ చెప్పనక్కరలేదు.

మన కళాశాలకు ప్రత్యేకంగా పనికివచ్చే సంగతులు రెండు ఉన్నాయి. సీరియల్ తీగ మీద అక్షరంలోని చిన్న స్థానపు బిట్ ముందుగా వెళుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరం ‘ఎ’ సంఖ్య 65, ద్విసంఖ్యామానంలో 01000001. ఆసిలోస్కోపు తెర మీద ఎడమ నుండి చదివితే 10000010 అని కనిపించి విద్యార్థి 130 అని వ్రాసికొంటాడు. దానిని కుడి నుండి ఎడమకు చదవాలి. ఉర్దూ చదివే అలవాటున్న మన విద్యార్థికి ఇందులో వింత ఏమీ ఉండదు. అంకెలు ఎడమ వైపుగా నడుస్తాయన్న మన పాత గణితజ్ఞుల నియమం ఎరిగిన తెలుగు విద్యార్థికీ ఉండదు. రెండవది లిపి సంగతి. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటులో పోతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న యూనికోడ్ యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు ‘స’ మూడు బైట్లుగా, 224, 176, 184 అని వెళుతుంది; ఉర్దూ ‘సీన్’ రెండు బైట్లుగా, 216, 179 అని వెళుతుంది. ఇవన్నీ 127 దాటిన సంఖ్యలు. ఎక్కడైనా పొరపాటున అక్షరానికి ఏడు బిట్లు అని అమర్చితే, ఎనిమిదవ బిట్ రాలిపోతుంది. ఇంగ్లీషు చక్కగా వస్తుంది. మన రెండు భాషలూ ముక్కలవుతాయి. అప్పుడు ‘ఈ యంత్రానికి మన భాష రాదు’ అని ఎవరైనా తేల్చిచెబితే విద్యార్థి నమ్మి ఊరుకోరాదు. అది ఒక బిట్ తేడా మాత్రమే.

లోపం ప్రతిసారీ విద్యార్థి చేతిలోనో తీగలోనో ఉంటుందని మేము చెప్పడం లేదు. 2014 అక్టోబరులో ఎఫ్.టి.డి.ఐ. సంస్థ డ్రైవరు ఒకటి విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి, నకిలీ ఎఫ్.టి.232 చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చివేసింది. నిన్నటి వరకు పనిచేసిన పలకలు తెల్లవారేసరికి కంప్యూటరుకు కనిపించకుండ పోయాయి. తాము కొన్నది నకిలీ అని ఎరుగని కొనుగోలుదారులే ఎక్కువగా నష్టపోయారు. నిరసన రాగా ఆ డ్రైవరును ఉపసంహరించారు. అలాగే లైనక్స్ కంప్యూటర్లలో, ఆ సీరియల్ ద్వారం తెరిచే అధికారం ఉన్న వర్గంలో విద్యార్థి పేరు చేర్చకపోతే పరికరం కనిపిస్తుంది గాని తలుపు తెరుచుకోదు. ఇవి తెలిసినవాడు పది నిమిషాలలో బయటపడతాడు. తెలియనివాడు తన తెలివినే అనుమానించుకొంటాడు.

ఇక్కడే మా అసలు బాధ ఉన్నది. పరికరం అడిగే ఐదు ప్రశ్నలను చదువక ఎంటర్ నొక్కే విద్యార్థి సోమరి కాడు. అతడు తెలుగు మాధ్యమంలోనో ఉర్దూ మాధ్యమంలోనో పదవ తరగతి వరకు చదివి వచ్చినవాడు. తెర మీద ఇంగ్లీషు వాక్యం కనబడగానే, అది తనను ఏదో అడుగుతున్నదని గాక, తనను తప్పుపడుతున్నదని భావిస్తాడు. త్వరగా దానిని దాటిపోవాలని మీట నొక్కుతాడు. ఆడపిల్లలలో ఈ భయం మరింత. పరికరం పాడైతే తమ పేరు వస్తుందని తాకనే తాకరు. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో విజ్ఞానశాస్త్రాలు బోధించిన చరిత్ర మన నగరానిది. అందుకు కావలసిన పుస్తకాలను, పరిభాషను దారుల్ తర్జుమా పండితులు సిద్ధం చేశారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి మన భాషలో కళాశాల పాఠ్యపుస్తకాలు అందించింది. అంత పని జరిగిన చోట ఐదు ప్రశ్నలకు అర్థం వ్రాసి గోడకు తగిలించలేమా? వోల్టేజిని వోల్టేజి అనే వ్రాద్దాం, బాడ్‌ను బాడ్ అనే వ్రాద్దాం. ఆ ప్రశ్న ఏమి అడుగుతున్నదో మాత్రం తెలుగులో, ఉర్దూలో ఉండాలి. ఒక్క అట్ట, రెండు భాషలు, రెండు సంభాషణల బొమ్మ. ఉభయ భాషా శాఖల అధ్యాపకులు సహకరిస్తే ఒక వారం పని.

మార్కుల మాట రానిదే ఏ సంస్కరణా మన కళాశాలల్లో నిలువదు. విశ్వవిద్యాలయం నిర్ణయించిన ప్రయోగ పరీక్ష పద్ధతిని మార్చే అధికారం మనకు లేదని పెద్దలు అంటారు, నిజమే. అంతర్గత పరీక్షల అధికారం మాత్రం మన చేతిలోనే ఉన్నది. అందులో ఒక ప్రయోగాన్ని ఈ విధంగా పెట్టవచ్చు. అధ్యాపకుడు కావాలని ఒక లోపం కల్పించిన పరికరాన్ని విద్యార్థికి ఇస్తాడు. గ్రౌండ్ తీగ తీసివేయవచ్చు, వేగం మార్చి ఉంచవచ్చు, ఛార్జింగు కేబులు పెట్టవచ్చు. విద్యార్థి ఏమి చూచాడో, ఏమి అనుమానించాడో, ఆ అనుమానాన్ని ఎలా పరీక్షించాడో వ్రాయాలి. లోపం దొరకకపోయినా, సగం చేసి సగం తొలగించిన క్రమం సరిగా ఉంటే మార్కులు రావాలి. ఇంటర్నెట్ నుండి దించుకొన్న రికార్డు గాని, బజారులో తయారుగా కొన్న ప్రాజెక్టు గాని ఈ పరీక్షలో పనికిరాదు. సిద్ధంగా కొనితెచ్చిన ప్రాజెక్టుకు మార్కులు వేసి, ఆ విద్యార్థినే ఇంటర్వ్యూలో ‘ఇది పనిచేయకపోతే ఏమి చేస్తావు’ అన్న మొదటి ప్రశ్నకు మూగవానిని చేసి నిలబెడుతున్నాము. ఉద్యోగం అక్కడే చేజారుతున్నది.

పరికరాలు కాలిపోతాయన్న కమిటీ పెద్దల భయాన్ని మేము తేలికగా తీసిపారవేయము. కాలిపోయే సందర్భాలు ఉన్నాయి. పాత కంప్యూటరు వెనుక ఉండే ఆర్.ఎస్.-232 ద్వారంలో ఒకటిని రుణ వోల్టేజిగా, సున్నాను ధన వోల్టేజిగా పంపుతారు; అది 15 వోల్టుల వరకు ఉండవచ్చు. 5 వోల్టులకు మించి తట్టుకోలేని బస్ పైరేటును నేరుగా దానికి కలిపితే పరికరం దక్కదు. నడుమ 1987లో వచ్చిన మ్యాక్స్232 వంటి చిప్పు ఉండాలి. కనుక అటువంటి ద్వారాలకు ఎర్రని మూత వేయండి, అధ్యాపకుడు లేనిదే తెరవవద్దని నియమించండి, అది న్యాయం. దానిని సాకుగా చేసి కొన్ని వందల రూపాయల యు.ఎస్.బి. సీరియల్ పలకలను సైతం తాళంలో ఉంచడం న్యాయం కాదు. వేల రూపాయల ఆసిలోస్కోపును జాగ్రత్త చేయండి. చిన్న పలకలను మాత్రం ఏటా కొన్ని పోయినా ఫరవాలేదని లెక్కలో వ్రాసికొని విద్యార్థుల చేతికి ఇవ్వండి. సుద్దముక్కలు అరిగిపోతాయని నల్లబల్లకు తాళం వేసిన కళాశాల ఎక్కడా లేదు కదా.

చివరిగా ‘పనిచేయదు’ అన్న చీటీ సంగతి. దానిని మాన్పించి, దాని స్థానంలో ఒక లోపాల పుస్తకం ఉంచాలని మా సూచన. పరికరం సంఖ్య, తేదీ, కనబడిన లక్షణం, చేసిన పరీక్ష, దొరికిన కారణం, వెదకిన విద్యార్థి పేరు. ఏ భాషలో వ్రాసినా సరే. రెండవ సంవత్సరం విద్యార్థి వ్రాసిన పుట మొదటి సంవత్సరం విద్యార్థికి మాన్యువల్ కంటె బాగా అర్థమవుతుంది. కారణం దొరకని పరికరం వరుసలో ఖాళీ గడి ఉంటుంది. మరుసటి బ్యాచివారు దానిని పూరించవచ్చు. దీనికి కావలసినది రెండు వందల పుటల నోటుపుస్తకం ఒకటి, దారంతో కట్టిన కలం ఒకటి. ఆ పుస్తకాన్ని అలమారాలో గాక, బల్ల మీద, తాళం లేని చోట ఉంచవలెనని కమిటీ పెద్దలకు మా మనవి.